పన్నెండో పుల్ల

జనవరి 6, సోమవారం

బెంగళూరు నుంచి రిపోర్టు వచ్చింది. మూడో నంబరు శాంపిల్లో పెరిగిన బాక్టీరియా, ఇంతవరకు పేరు పెట్టిన ఏ జాతితోనూ కలవలేదు. బాగా దగ్గరిదానితో కూడా పోలిక తొంభై ఆరు శాతమే. గుర్రాల నోళ్లలో కొత్త జాతి దొరికిందని ఇంద్రాణి మేడం ల్యాబులో అందరికీ మైసూర్‌పాక్ పంచారు. నాకు రెండు ముక్కలిచ్చారు. ఊరూరా తిరిగి తెచ్చింది నేనే కాబట్టి.

రెండూ తిన్నాను. తరువాత బాత్రూంలోకి వెళ్లి కక్కుకున్నాను.

ఈ నోటుబుక్కు ఇవాళే కొన్నాను. తెలుగులో రాస్తున్నాను. ఇంట్లో మేం ముగ్గురం తెలుగే మాట్లాడతాం గానీ అమ్మకు, నాయనకు చదవడం రాదు. ల్యాబులో అందరూ అరవం వాళ్లు. కుప్పంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి పట్టుబట్టి ఈ అక్షరాలు నేర్పింది. ఇంతకంటే మంచి తాళం నాకు ధర్మపురిలో దొరకదు.

కాబట్టి రాస్తాను. పన్నెండు గుర్రాల నోళ్ల నుంచి శాంపిళ్లు తేవడం నా పని. పదకొండు తెచ్చాను. పదకొండూ ఒక్క గుర్రానివే. మా మల్లిగవి.

జనవరి 7

మొదట నిజంగానే వెళ్లాను. అది కూడా రాసి పెట్టాలి.

నవంబరులో తొప్పూరుకు వెళ్లాను. చిన్నకణ్ణు మామకు నాలుగు గుర్రాలున్నాయి. నాయన లాగే పెళ్లిళ్లకు, చెవులు కుట్టే వేడుకలకు గుర్రాలను తోలుకుపోతాడు. మా వాళ్లే. టీ ఇచ్చాడు, అమ్మ ఎట్లా ఉందని అడిగాడు. నేను సంచిలోంచి దూది పుల్ల తీయగానే మొహం మారిపోయింది. గుర్రం పళ్లు చూసి వయసు చెబుతారు కదా, అందుకని నోరు తెరిచేవాడు కొనేవాడే అని గుర్రాలవాళ్ల లెక్క. బయటి మనిషి వాకిట్లోకి వచ్చి గుర్రం నోరు తెరిస్తే అది బేరానికి పెట్టినట్టు. ఏడాది తిరిగేలోగా ఆ గుర్రం ఇల్లు విడుస్తుందంటారు.

"నా గుర్రాలు అమ్మకానికి లేవు పాపా. మీ నాయన్నే అడుగు, చెప్తాడు" అన్నాడు.

పాలక్కోడులో అదే మాట. కారిమంగళంలో ఒక ముసలావిడ చీపురు తీసింది. మార్గళి నెల వచ్చింది. పెళ్లిళ్లు లేక మల్లిగ ఇంటి వెనక ఊరికే నిలబడి ఉంది. నేను ఇంటి మనిషిని, నేను తెరిస్తే బేరం కాదు. ఒక పుల్ల తీశాను. ఆ సీసా మీద పాలక్కోడు అని రాశాను. రెండు రోజులకు ఇంకోటి. ఒక్కో గుర్రానికి రంగు, వయసు, యజమాని పేరు కల్పించాను. కారిమంగళం గుర్రానికి ఒక కన్ను కనిపించదని కూడా రాశాను. అంత అవసరం ఏమొచ్చిందో నాకే తెలియదు.

జనవరి 8

మేడం ఇంకో మాట చెప్పారు. పన్నెండూ రాగానే అన్నింటి పూర్తి జన్యుక్రమం చేయిస్తారట. వేర్వేరు ఊళ్ల గుర్రాలు కాబట్టి చిన్న చిన్న తేడాలు కనిపిస్తాయి, రీసెర్చి పేపరుకు అదే బలం అన్నారు.

తేడాలు ఉండవు. ఒకే కాగితాన్ని పన్నెండు జిరాక్సులు తీసినట్టు ఉంటుంది. చూసిన వెంటనే ఆవిడకు తెలిసిపోతుంది.

ఎన్ని వారాలు పడుతుందని మామూలుగా అడిగాను. ఆరు అన్నారు.

జనవరి 9, గురువారం

పన్నెండోది కూడా అయింది. పొద్దున నాకు ఆసుపత్రి శాంపిళ్లు చాలా ఉన్నాయి. మా ల్యాబుకు పొద్దున పూట ఊళ్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి చీము, రక్తం పరీక్షకు వస్తాయి. గుర్రాల పని మధ్యాహ్నం. అందుకని పుల్ల, సీసా నాయన చేతికిచ్చి, చెంప లోపల వెనక పంటి పక్కన రెండుసార్లు తిప్పి పెట్టమని చెప్పి వచ్చేశాను. గ్లవ్స్ ఇవ్వలేదు. ఇంట్లో నేను కూడా వేసుకోను.

సాయంత్రం చూస్తే సీసా కిటికీలో ఉంది. పుల్ల చివర కొంచెం ఎర్రగా ఉంది. నాయన వక్కాకు నములుతాడు, చెయ్యి తుడుచుకోడు. అదే అయ్యుంటుంది.

జనవరి 10

నాయన కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. పెరట్లో ముళ్లకంబి గీసుకుందట. చూపించమంటే "ఏమీ లేదు పాపా" అన్నాడు.

జనవరి 12

ఏమీ లేదు.

జనవరి 15

మాట్టు పొంగలి. పక్కింటి ఆవులతో పాటు మల్లిగకు కూడా స్నానం చేయించి పూలదండ వేశాం. నాయన ఒంటిచేత్తో నీళ్లు పోశాడు. మామూలుగా దాని మెడ కౌగిలించుకుని మాటలు చెబుతాడు. ఇవాళ మొహం వైపుకే పోలేదు, వెనక నుంచే పోశాడు. అమ్మ నవ్వింది. ఏంది, భార్యాభర్తల మాదిరి అలిగినారా అంది.

నేను కూడా నవ్వాను.

తై నెల పుట్టింది కాబట్టి బుకింగులు మొదలయ్యాయి. ఈ నెలలో ఐదు పెళ్లిళ్లు, మాసి నెలలో ఇంకా ఎక్కువ. మల్లిగ తెల్లగా ఉంటుంది, డప్పులకు బెదరదు, పెళ్లికొడుకులు అదే కావాలంటారు. మా ఇల్లు దాని వీపు మీదే నడుస్తుంది. కరిచే గుర్రమని ఒక్క మాట బయటికి పోయిందా, ఏ తల్లీ తన కొడుకును దాని మీద ఎక్కించదు.

ఈ మాట ఇప్పుడెందుకు రాశానో. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు.

జనవరి 16

వాపు మణికట్టు దాకా వచ్చింది. తువ్వాలు విప్పించాను. చూపుడు వేలికి, నడిమి వేలికి కింద గాయం, చుట్టూ నల్లగా కమిలి ఉంది. పైన ఒకటి, అరచేతి వైపు ఒకటి, ఎదురెదురుగా. ముళ్లకంబి రెండు వైపులా గీస్తుందా?

గీస్తుంది. చెయ్యి తిప్పితే గీస్తుంది.

జ్వరం ఉంది. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చాను.

జనవరి 18, శనివారం

నాయన్ని ఆసుపత్రిలో చేర్చాం. వాపు మోచేతి వైపు పాకుతోంది. డాక్టరు పేరు ధనశేఖర్, నెమ్మదస్తుడు. ఏం తగిలిందని అడిగితే నాయన ముళ్లకంబి అన్నాడు. డాక్టరు నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

ఊపాను. నోటితో చెప్పలేదు.

చీము తీసి పరీక్షకు పంపారు. ఎక్కడికి పంపుతారు? మా ల్యాబుకే. నేను నడిచి వచ్చేలోగా బల్ల మీద ఉంది. మాదేశన్, యాభై నాలుగు, మగ, ముళ్లకంబి గాయం. నా చేత్తోనే రక్తం కలిపిన ప్లేటు మీద రుద్ది ఇంక్యుబేటర్లో పెట్టాను. గీతలు వంకరగా వచ్చాయి.

జనవరి 19

ఇవాళ ప్లేటు శుభ్రంగా ఉంది. ఏమీ పెరగలేదు. మంచిదే.

జనవరి 20, సోమవారం

నలభై ఎనిమిది గంటలయింది. ఏమీ పెరగలేదని రిపోర్టు పోయింది. మామూలు పద్ధతి అంతే. రెండు రోజుల్లో రానిదాన్ని లేదని రాసి, ప్లేటును పారేసే డబ్బాలో పడేస్తాం.

మల్లిగ బాక్టీరియాకు నాలుగు రోజులు పడుతుంది. అదీ మామూలు గాలిలో కంటికి కనిపించేంత పెరగదు. మూత గట్టిగా పట్టే డబ్బాలో ప్లేట్లు పేర్చి, లోపల కొవ్వొత్తి వెలిగించి మూత వేయాలి. కొవ్వొత్తి తనంతట తాను ఆరిపోయాక మిగిలే గాలే దానికి పడుతుంది. ఈ సంగతి ఈ ఊళ్లో ఇద్దరికే తెలుసు. మేడం, నేను.

మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయాక పారేసే డబ్బాలో చెయ్యి పెట్టి నాయన ప్లేటు వెతికి తీశాను. కొవ్వొత్తి డబ్బాలో అన్నిటికన్నా అడుగున పెట్టాను. వెలిగించి మూత వేసి, మంట చిన్నదై ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఏమీ పెరగకూడదని దేవుడికి దండం పెట్టుకున్నాను.

జనవరి 21

జ్వరం నూట రెండు. సెలైన్‌లో మందు ఎక్కిస్తూనే ఉన్నారు. ఏ మందో సీసా మీద చదివాను. మామూలుగా గాయాలకు ఎక్కించేదే.

డిసెంబరులో ఆ మందును మల్లిగ బాక్టీరియా మీద నేనే పరీక్షించాను. ప్లేటు మీద మందు బిళ్లలు పెడితే, ఏ మందుకు చస్తుందో ఆ బిళ్ల చుట్టూ ఖాళీ వలయం వస్తుంది. ఈ మందు బిళ్ల అంచు దాకా అది దర్జాగా పెరిగింది. డాక్సీసైక్లిన్ బిళ్ల చుట్టూ మాత్రం బొటనవేలంత వెడల్పు వలయం. అంత చక్కటి వలయాన్ని ఫోటో తీయమని మేడం అన్నారు. తీశాను. కింద కారిమంగళం గుర్రం అని రాశాను.

నాయనది ముళ్లకంబి గాయం. ఆయనే చెప్పాడు.

జనవరి 22, బుధవారం

పెరిగింది.

బూడిదరంగు చుక్కలు, అంచు పల్చగా, నడుమ చిన్న బొడిపె. మూత తీస్తే తడిసిన గోనెసంచి వాసన. పదకొండు సార్లు చూశాను కదా, పన్నెండోసారి పోల్చుకోలేనా. పన్నెండో పుల్ల ప్లేటు కూడా ఆ డబ్బాలోనే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఏది నాయనదో, ఏది గుర్రానిదో లేబుల్ చూస్తే తప్ప తెలియలేదు.

సాయంత్రం ఆసుపత్రిలో ధనశేఖర్ డాక్టరును కలిశాను. డాక్సీ ఇచ్చి చూడకూడదా సార్ అన్నాను. ఎందుకు అన్నాడు. ఊరికే, ఎక్కడో చదివాను అన్నాను. మీ ల్యాబే ఏమీ పెరగలేదని రాసింది కదమ్మా, దేన్ని నమ్మి మార్చేది అన్నాడు. కోప్పడలేదు. నేను ఒక్క మాట చెప్తే చాలు, ఆయన కూర్చుని వింటాడు. ఆ ఒక్క మాట చెప్పాలంటే గుర్రం అనాలి. గుర్రం అంటే ఏ గుర్రం అంటారు. అక్కడి నుంచి పన్నెండు సీసాలూ వరసగా కదులుతాయి.

మెడికల్ షాపులో డాక్సీ మాత్రలు కొన్నాను. నాయనకు టీలో కలిపి ఇద్దామని. ఆయనకు ఎక్కే మిగతా మందులతో కలిస్తే ఏమవుతుందో తెలియదు. ఇవ్వలేకపోయాను. బ్యాగులోనే ఉన్నాయి.

జనవరి 23

భయంగా ఉంది. భయంగా ఉంది అని రాస్తే తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు.

జనవరి 24, శుక్రవారం

అంతా రాస్తాను, వరసగా.

పది గంటలకు ధనశేఖర్ డాక్టరు వచ్చి కట్టు విప్పాడు. రెండు వేళ్లూ నల్లబడ్డాయి. అమ్మ గోడ వైపు తిరిగింది. డాక్టరు నన్ను బయటికి పిలవకుండా అక్కడే అరవంలో చెప్పాడు. రేపు పొద్దుటికి పాకడం ఆగకపోతే మణికట్టు దగ్గర తీసేయాలి, ఇంకా ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుందని. చెప్పి, నాయన మొహం మీదికి వంగి, ముళ్లకంబేనా పెద్దాయనా, ఇంకేదైనా తగిలిందా అని మళ్లీ అడిగాడు.

నాయన ముళ్లకంబే సామీ అన్నాడు.

నేను మంచం పట్టీ పట్టుకున్నాను. నా మొహంలో ఏం కనిపించిందో, నాయన తెలుగులోకి మారాడు. డాక్టరుకు తెలుగు రాదు. కళ్లు మూసుకునే, గొంతు పెంచకుండా, మంచినీళ్లు అడిగినట్టు అన్నాడు.

"కంబి అనే చెప్పు పాపా. గుర్రమంటే ఏ గుర్రమని అడుగుతారు. పన్నెండు గుర్రాలని చెప్పి ఒకదాని నోరే చూస్తావుండావని నాకు తెల్దా. నీ పనికి వచ్చి పడతాది."

ఇన్ని రోజులూ మల్లిగ పేరు కాపాడటానికి అబద్ధం చెబుతున్నాడనుకున్నాను. అనుకుంటే నాకు సులువుగా ఉండింది. ఆయన నా పేరు కాపాడుతున్నాడు. చెయ్యి కుళ్లిపోతుంటే పద్నాలుగు రోజులుగా, పుల్ల పట్టించిన కూతురి పేరు బయటికి రాకుండా పళ్ల బిగువున పడుకుని ఉన్నాడు.

నాయనకు నేను ఎప్పుడూ అరవంలో జవాబు చెప్పి ఎరగను. ఇవాళ చెప్పాను, డాక్టరుకు వినబడాలని. కంబి కాదు నాయనా, మల్లిగ కరిచింది అన్నాను. తరువాత డాక్టరు వైపు తిరిగి, నేను పెట్టమంటేనే దాని నోట్లో చెయ్యి పెట్టాడని చెప్పాను. పారేసిన ప్లేటు సంగతి, కొవ్వొత్తి డబ్బా, నాలుగు రోజులు, వలయం, అన్నీ చెప్పాను. సీసాల మీద దొంగ పేర్లు రాసింది కూడా చెప్పాను. ఆయన అడగలేదు. ఆపుకోలేకపోయాను.

డాక్టరు ప్లేట్లు ఎక్కడున్నాయని అడిగాడు. పరుగెత్తి తెచ్చాను. ఆయన ఎవరికో ఫోను చేసి పావుగంట మాట్లాడాడు. పదకొండున్నరకు మందు మారింది.

నాయన నాతో మాట్లాడలేదు.

జనవరి 25

నూట మూడు. పొద్దున ఆపరేషన్ గదికి తీసుకుపోయి, చూసి, వెనక్కి తెచ్చారు. ఇంకొక రోజు ఆగుదామన్నారు. మందు పని చేయడానికి వ్యవధి కావాలట. బుధవారమే చెప్పి ఉంటే ఆ వ్యవధి ఉండేది.

జనవరి 26

నూట రెండున్నర.

డాక్టరు బాల్‌పెన్నుతో ఎరుపు అంచు చుట్టూ చర్మం మీద గీత గీశాడు. గంటకొకసారి గీత చూస్తున్నాను. దాటిందా, దాటలేదా. ఒక్కోసారి దాటినట్టే ఉంటుంది. అమ్మను చూడమంటాను. అమ్మ చూడనంటుంది.

జనవరి 27

గీత దాటలేదు.

జనవరి 28, మంగళవారం

రెండు వేళ్లు తీసేశారు. చూపుడు వేలు, నడిమి వేలు. చెయ్యి ఉంది. జ్వరం నూటికి దిగింది.

మెలకువ వచ్చాక నాయన మొదట మల్లిగకు గడ్డి ఎవరు వేస్తున్నారని అడిగాడు. నేనే అన్నాను. మొహం దగ్గరికి పోవద్దు అన్నాడు. నాలుగు రోజుల తరువాత నాతో ఆడిన మొదటి మాటలు అవి. నేను బయటి వరండాలోకి వచ్చి గట్టిగా ఏడ్చాను. పక్క బెడ్డు వాళ్లు మా ఇంట్లో ఎవరో పోయారనుకుని ఓదార్చడానికి వచ్చారు.

జనవరి 30, గురువారం

ఇంద్రాణి మేడంకు అన్నీ చెప్పాను. డాక్టరు ఫోను వల్ల సగం ముందే తెలుసు. రిజిస్టరు తెరిచి కల్పించిన గుర్రాలను ఒక్కొక్కటిగా కొట్టేయమన్నారు. కొట్టేశాను. ఒంటికన్ను గుర్రం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నా మొహం చూశారు. ఇది కూడానా అన్నారు. అది కూడా అన్నాను.

అరవలేదు. అరిస్తే బాగుండేది. పేపరు ఆపేస్తున్నానన్నారు. ఈ పనికి డబ్బిచ్చే యూనివర్సిటీకి ఉత్తరం రాయక తప్పదన్నారు, నన్ను ల్యాబుకు రావద్దన్నారు. నేను తలుపు దాకా వచ్చాక పిలిచారు.

"నీ గుర్రాలు అబద్ధం. ఆ బాక్టీరియా అబద్ధం కాదు. మీ ఇంటి బయట ఒక్క గుర్రంలో దొరికినా నాకు తెచ్చి చూపించు. ఈసారి సాక్షిని పెట్టుకుని తీయాలి."

ఇది దయో శిక్షో నాకు అర్థం కాలేదు. బస్సులో వస్తూ ఆలోచించాను. అది ఒక్క మల్లిగలోనే ఉంటే పోయింది నా ఉద్యోగం మాత్రమే. అన్ని గుర్రాల్లో ఉంటే? ఎన్ని చేతులు ముళ్లకంబి పేరుతో ఆసుపత్రులకు వచ్చి ఉంటాయి? రెండు రోజులు చూసి ఏమీ పెరగలేదని నేనే ఎన్ని రాసి ఉంటాను?

ఫిబ్రవరి 3

మా ఊరు నల్లంపల్లి అంతా తెలిసిపోయింది. నిన్న రెండు బుకింగులు పోయాయి, ఇవాళ ఒకటి. అమ్మ ఫోను తీసి, సరే సరే అని పెట్టేస్తోంది. నన్ను ఏమీ అనలేదు. అన్నం మాత్రం గరిటెతో కొంచెం గట్టిగా కొట్టి వడ్డిస్తోంది.

ఫిబ్రవరి 9

నాయన ఇంటికి వచ్చి మూడు రోజులు. వక్కాకు ఎడమ చేత్తో మడుస్తున్నాడు, సున్నం ఎక్కువై నోరు పొక్కింది. పెరటి గుమ్మంలో కూర్చుని మల్లిగను చూస్తుంటాడు. అది చెవులు ముందుకు పెట్టి ఆయన్నే చూస్తుంది. ఇద్దరి మధ్య పది అడుగులు ఉంటాయి. ఆ పది అడుగులూ నడవడం లేదు.

ఫిబ్రవరి 15

నాయన రేపు తొప్పూరు పోదామన్నాడు. వ్యాను చెప్పాడట. నీ పుల్లలు, చేతి తొడుగులు తీసుకో అన్నాడు. చిన్నకణ్ణు మామ ఒప్పుకోడు కదా అంటే, పోయి చూస్తాం అన్నాడు. వ్యాను ఎందుకు, బస్సులో పోవచ్చు కదా అన్నాను. పెరటి వైపు తిరిగి వక్కాకు మడుచుకున్నాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

పొద్దున మల్లిగను వ్యాను ఎక్కిస్తుంటే అర్థమైంది. అమ్మ దాని నుదుట బొట్టు పెట్టి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. అమ్మడానికే.

దారి పొడుగునా నేను వద్దు నాయనా అంటూనే ఉన్నాను. ఆయన తొప్పూరు మలుపులో లారీలను చూస్తూ కూర్చున్నాడు. పిలవని గుర్రానికి గడ్డి ఎక్కడ తెచ్చేది అన్నాడు ఒకసారి. అంతే.

చిన్నకణ్ణు మామకు ముందే కబురు పోయినట్టుంది. వాకిట్లో ఎదురు చూస్తున్నాడు. నాయన పంచ సర్దుకోలేక తంటాలు పడుతుంటే, కుడిచెయ్యి తువ్వాలు కింద ఉండటం గమనించి, దెబ్బ ఎట్లుంది బావా అన్నాడు. కంబి గాయం ఇంకా మానలేదా అన్నాడు. తొప్పూరుకు ఆ మాటే చేరింది. గుర్రం సంగతి మా ఊరు దాటలేదు.

మల్లిగను దించారు. ఎండలో మెరిసిపోతోంది. మామ చుట్టూ తిరిగి చూశాడు, కాళ్లు తడిమాడు, మెడ మీద తట్టాడు. ఆయనకు నచ్చింది, కళ్లలో తెలిసిపోతోంది. చొక్కా చేతులు పైకి మడిచాడు. ఇక మిగిలింది నోరు తెరవడమే. ఎడమ చేత్తో దాని దవడ పట్టుకున్నాడు. కుడి బొటనవేలి పక్కన చర్మం చీలి ఉంది, పలుపు తాడు కోసుకుందో ఏమో. నాకు అది తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఒక్క నిమిషం నేను నోరు మూసుకుంటే గుర్రం అమ్ముడుపోతుంది, మా ఇల్లు గడుస్తుంది. మూసుకునే ఉన్నాను. జనవరి ఇరవై రెండున డాక్టరు ముందు మూసుకున్నట్టే.

"ఆగు బావా."

అన్నది నాయన.

"చెయ్యి పెట్టొద్దు. కరుస్తాది అది. దాని నోట్లో ఒక విషం ఉండాది, ఆస్పత్రిలో కూడా కనిపించనిది. కంబి అని అందరికీ అబద్ధం చెప్పినాను. ఇదో చూడు."

తువ్వాలు తీసి చెయ్యి పైకెత్తాడు. మూడు వేళ్ల చెయ్యి, కుట్ల గుర్తులు ఇంకా ఎర్రగా. నేను కూడా దాన్ని ఎండ వెలుతురులో చూడటం అదే మొదలు.

చిన్నకణ్ణు మామ దవడ వదిలేశాడు. నాలుగడుగులు వెనక్కి పోయి అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపు తన బొటనవేలు చూసుకున్నాడు. బేరం మధ్యలో ఎవరైనా ఇట్లా చెప్తారా మాదేశా అన్నాడు చివరికి. నాయన, చెప్పకపోతే ఏమైందో చూసినావు కదా అన్నాడు. తరువాత నన్ను చూపించి, కూతురు చెప్పబట్టి చెయ్యి మిగిలింది, అది నీ గుర్రాల నోట్లో కూడా ఉందేమో చూడనీ, నీకూ చేతులుండాయి కదా అన్నాడు.

మామ లేచి లోపలికి వెళ్లాడు. మమ్మల్ని పొమ్మనడానికి మనిషిని పిలుస్తాడేమో అనుకున్నాను. ఆయన పెద్ద గోధుమరంగు గుర్రాన్ని పగ్గం పట్టుకుని వాకిట్లోకి తెచ్చాడు. దాని పక్కన నిలబడి, నువ్వు బేరానికి రాలేదు, నాకు తెలుసు పాపా అన్నాడు.

ఆయనకు చేతి తొడుగులు ఇచ్చాను. వేసుకోవడం రాక రెండు వేళ్లు ఒకే దాన్లో దూర్చాడు. నాయనకు ఎడమ చేతికి నేనే తొడిగాను. చెంప లోపల, వెనక పంటి పక్కన రెండుసార్లు తిప్పాను. గుర్రం వెచ్చగా ఊపిరి వదిలింది. పుల్లను సీసాలోకి దించి మూత బిగించాను.

మల్లిగ మాతోనే తిరిగి వచ్చింది. రేపు దానికి గడ్డి ఎక్కడిదో తెలియదు. సీసా ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది. మేడం చేతికిచ్చిన నాలుగు రోజుల్లో దాన్లో అది ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే బాగుండునా, లేకపోతే బాగుండునా, నాకే తెలియడం లేదు. రెండింటికీ భయమే.

లేబుల్ మీద ఇట్లా రాశాను.

ఒకటి. తొప్పూరు. చిన్నకణ్ణు గారి మగ గుర్రం, గోధుమరంగు, రెండు కళ్లూ ఉన్నాయి. తీసింది తిలగవతి. దవడ పట్టుకున్నది, సాక్షి, మాదేశన్, ఎడమ చేత్తో.